వెడ్జ్‌ల మధ్య ఖాళీ

"సార్ పిచింగ్ వెడ్జ్ వాలు ఇప్పుడు ముప్పై ఎనిమిది డిగ్రీలు. కొన్నప్పుడు నలభై ఆరు," అంది గోల్ఫ్ దుకాణంలోని యంత్రం, కర్రను కొలిచి.

భర్త ధర్మతేజ విన్నాడేమోనని వకుళ చుట్టూ చూసింది. ఈ రోజుల్లో ప్రతి వస్తువూ పట్టుకున్న చేతుల బలం చూసి తనంతట తానే సర్దుకుంటుంది. ధర్మతేజ బలం తగ్గేకొద్దీ, బంతి పాత దూరమే వెళ్లేలా ఆయన ఐరన్ కర్రలు వాలు తగ్గించుకుంటూ వచ్చాయి. "డెబ్బై దాటినా నా దెబ్బ తగ్గలేదు చూశావా!" అని ఆయన రోజూ మురిసిపోతాడు. ఆ మురిపెం పోకూడదు.

ఇసుకలోంచి బంతిని లేపే పాతకాలపు శాండ్ వెడ్జ్ మాత్రం సర్దుకోని రకం, ఇంకా యాభై ఆరు డిగ్రీలే; రెంటి మధ్య దూరాలకు కర్ర లేక ఇప్పుడు పెద్ద ఖాళీ. వకుళ గబగబా నలభై నాలుగు డిగ్రీల వెడ్జ్ ఒకటి, యాభై డిగ్రీలది ఇంకొకటి తీసుకుంది.

"ఇదివరకు మధ్యలో ఒక్కటే సరిపోయేదిగా?" అన్నాడు ధర్మతేజ వెనకనుంచి.

"ఇప్పుడు రెండే ఫ్యాషనండీ."

ఆయన నవ్వాడు. "నా కర్రల సంగతి నాకెప్పుడో తెలుసులే. మన కుక్కర్ మూత ఈమధ్య ఎందుకంత సుళువుగా వస్తోందో నీకు నేనెప్పుడైనా చెప్పానా?"

వకుళ తన వేళ్లవైపు చూసుకుంది. ఒక వెడ్జ్ ఆయన చేతిలో పెట్టింది.

"రేపట్నుంచి ఆ మూత ఇద్దరం కలిసి తీద్దాం," అంది.