కార్తీకంలో పూసిన మల్లె

దసరా అయిన నాలుగో రోజు, శ్రీశైలమ్మ పలకల ఫ్యాక్టరీ నుంచి ఇంటికి వచ్చేసరికి గోడ మూలనున్న మల్లెచెట్టుకు ఒక్క ఆకు లేదు.

మేక పని అనుకుంది. కానీ మేక తిన్నంత తిని పోతుంది, కుప్ప పెట్టిపోదు. దూసిన ఆకులన్నీ ఓ పక్క కుప్పగా ఉన్నాయి. కొమ్మల కొసలు కత్తిరించి ఉన్నాయి. మొదట్లో మట్టి తవ్వి బూడిద చల్లి ఉంది.

బూడిద చూశాక పక్కింటి పుల్లమ్మను పిలిచింది.

"ఎవురో చేతబడి చేయించినారు శ్రీశైలక్కా."

"నాకెవురు చేయిస్తారే? నా దగ్గర ఏముందని?"

"నీ దగ్గర ఏమీ లేదు. నీ కూతురి కడుపులో ఉంది గదా."

రమణికి ఆరో నెల. యర్రగొండపాలెంలో అత్తగారింట ఉంది. ఇంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. కార్తీకంలో పుట్టింటికి తెచ్చుకుని సీమంతం చేయాలి.

"దానికి చెప్పొద్దే. చూలింత బెదిరిపోతాది."

రోజూ ఫోనులో కూతురితో నవ్వుతూనే మాట్లాడేది. పెట్టేశాక పోయి చెట్టు వంక చూసేది.

కార్తీకం వచ్చినా ఈసారి చలి జాడ లేదు. ఎండిందనుకున్న చెట్టు చిగుర్లు వేసింది. ఆమె నీళ్లు పోయకపోయినా మొదట్లో తడి ఉంటోంది. నాలుగు రోజుల్లో చిగురు చిగురుకూ మొగ్గ. నడి వేసవిలో కూడా పది పూలు పూయని చెట్టు అది!

"కాలంగాని కాలంలో పూస్తే ఇంట్లో ఒక పాణం పోతాదంటక్కా" అంది పుల్లమ్మ.

ఆ రోజు నుంచి శ్రీశైలమ్మకు ముద్ద దిగలేదు.

రమణి రావడానికి రెండు రోజులుందనగా, కరెంటు పోయి ఫ్యాక్టరీ మధ్యాహ్నానికే ఆగిపోయింది. ఆమె ఇంటికి వచ్చేసరికి చెట్టు దగ్గర తలకు తువ్వాలు చుట్టుకున్న ముసలాయన ఒకడు. ఒక చేతిలో చెంబు, రెండో చెయ్యి మొగ్గల మీద.

"ఎవురు నువ్వు? ఎవురు పంపినారు?"

ముసలాయన చెంబు కింద పెట్టాడు.

"చెప్పగూడదు తల్లీ. ఇంకో రెండు రోజులు ఆగు, నీకే తెలుస్తాది."

రెండు రోజులు. రమణి వచ్చే రోజు!

గోడ మీద పేర్చిన విరిగిన పలకల్లో ఒకటి ఆమె చేతికి అందింది. విసిరింది. అది ఆయన వేళ్లను కోసుకుంటూ పోయింది.

ఆయన తువ్వాలు చేతికి చుట్టుకున్నాడు.

"నీళ్లు మాత్రం ఆపొద్దు తల్లీ, మొగ్గ రాలిపోతాది" అంటూ వెళ్లిపోయాడు.

ఆమె గడ్డపారతో చెట్టును వేళ్లతో సహా పెళ్లగించింది. కిరసనాయిలు పోసి తగలబెట్టింది. అప్పటికి గానీ ఊపిరి ఆడలేదు.

రెండు రోజులకు రమణి ఆటో దిగింది. ఎర్రనీళ్లతో దిష్టి తీస్తున్న తల్లి భుజం మీదుగా గోడ మూలకు చూసింది.

"అమ్మా, మల్లెచెట్టేది?"

"తెగులు పట్టింది. తీసేసినా."

రమణి ముఖం చిన్నబోయింది.

"బస్టాండు కాడ ఆదెయ్య తాతని ఒకాయన పూలమ్ముతాడు, నీకు తెలీదులే. ఒకప్పుడు మల్లెతోట చేసినాడంట. దసరాకు వచ్చి పోయేటప్పుడు, నా సీమంతానికి మల్లెపూలు కావాలని అడిగినా. ఈ కాలంలో యాడ దొరుకుతాయమ్మా, ఆకు దూసి, కొమ్మ కత్తిరించి, బూడిద ఎరువేసి మీ చెట్టుకే పూయిస్తాలే అన్నాడు."

శ్రీశైలమ్మ పళ్లెం కింద పెట్టింది.

"ఇందాక బస్సు దిగినప్పుడు చూసినా. చేతికి కట్టు, పూలు కట్టలేక ఊరికే కూర్చున్నాడు. ఏంది తాతా అంటే, పలక గీరుకుందిలే, ముందు పోయి నీ చెట్టు చూసుకో పో అన్నాడు."

"మరి నాకు... నాకు ఒక్క మాట చెప్పలేదేందే ఆ మనిషి?"

"ఎవురడిగినా నోరు తెరవొద్దని నేనే ఒట్టు వేయించుకున్నానమ్మా, పూలు చూసి నువ్వు మురిసిపోవాలని."