సముద్రం గోల
"అదుగో, ఆ వంగే అమ్మమ్మ మళ్ళీ వచ్చింది!" అంది తోటి విద్యార్థిని నైరీ నవ్వాపుకుంటూ.

లోసా తన ప్రదర్శన జరుగుతున్న చీకటిగదిలోకి తొంగి చూసింది.

గోడ పొడుగునా లోసా తయారుచేసిన వీడియో ఆడుతోంది. సమోవా దీవుల్లో ఒక ఇల్లు. చాపల మీద వరసగా కూర్చున్న ఆరుగురు పెద్దవాళ్ళు. స్పీకర్లలో సముద్రం హోరు.

వాళ్ళ ముందునుంచి పూలగౌను ముసలావిడ నడుం బాగా వంచి నడుస్తోంది. ఒక్కొక్క బొమ్మ దగ్గరా ఆగి పెదాలు కదుపుతోంది.

"నీడ పడకూడదని వంగుతోంది కాబోలు" అంది లోసా.

"మూడు రోజుల్నించీ అదే వరస. అభిప్రాయం కార్డు మాత్రం రాయదు" అంది నైరీ.

ఆ కార్డులే లోసాకి కావాలి. వీడియోకి మూలమైన నలభై ఏళ్ళనాటి టేపు చనిపోయిన నాన్న పెట్టెలో దొరికింది. ఆరుగురిలో సెఫో తాత ఒక్కడే ఆమెకి తెలుసు. మిగతా అయిదుగురి పేర్లు చెప్పగలిగినవాళ్ళు వెల్లింగ్టన్‌లో ఒక్కరూ మిగల్లేదు. అందుకే ప్రతి కార్డు కిందా ఒక ప్రశ్న అచ్చువేయించింది. 'వీళ్ళలో మీకెవరైనా తెలుసా?'

ఆవిడ బయటికి రాగానే లోసా కార్డు చాపింది.

"ఎలా ఉందో రాయండమ్మమ్మా."

"నాకు ఇంగ్లీషు రాయడం రాదే తల్లీ."

"చెప్పండి, నేను రాస్తాను."

ఆవిడ గదిలోకి వేలు చూపించింది.

"సముద్రం గోల ఎక్కువైంది. నా మాటే వినపడటం లేదు."

నైరీ కిసుక్కున నవ్వింది. "కబుర్లు చెప్పుకోడానికి వచ్చారేంటి అమ్మమ్మా?"

"అవునే పిల్లా, కబుర్లకే వచ్చాను" అని ఆవిడా నవ్వింది. "రేపు మా ఊరికి పోతున్నా. మళ్ళీ ఈ చలిదేశం రాను."

లోసా చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. కింద ఉన్న ప్రశ్న చదివి వినిపించాలని మాత్రం తోచలేదు. ఆవిడ పేరూ అడగలేదు.

ప్రదర్శన ముగిసింది. ప్రేక్షకులు ఏమన్నారో, దాన్నిబట్టి ఏం మారుస్తావో రాసుకు రమ్మన్నారు కాలేజీలో మాస్టారు.

లోసా ఆ చీకటిగదిలోనే కార్డులన్నీ ముందేసుకుని కూర్చుంది.

'కెమెరా మరీ కిందుంది. తీసినవాళ్ళకి చేతకాదు.'

'ఇంట్లోకి సముద్రం ఎందుకొచ్చింది?'

'హోరు భరించలేకపోయాను.'

ప్రశ్న దగ్గర అందరూ ఖాళీ వదిలేశారు. లోసాకి ఏడుపొచ్చింది.

సరే, హోరు తీసేసి చూద్దామనుకుంది. అసలు టేపులో బుర్రుమనే రొద, ఎవరిదో గొణుగుడు. అప్పుడు ఓపిక లేక ఆ రెండిటినీ వినపడకుండా నొక్కేసి, పైన సముద్రం హోరు పరిచింది తనే.

ఇప్పుడు వీడియో మళ్ళీ గోడమీద ఆడించి, సముద్రం తీసేసింది. రొద తగ్గించి, గొణుగుడు పెంచింది.

ఒక పడుచుపిల్ల గొంతు, నవ్వుతూ.

"తులౌ, సావిలీ పెద్దమ్మా..."

లోసా ఉలిక్కిపడింది. తులౌ! సమోవాలో కూర్చున్న పెద్దల ముందునుంచి వెళ్ళేటప్పుడు వంగి, 'దాటుతున్నాను, మన్నించండి' అనే మాట. తనకి నడకతోపాటు నేర్పిన మాట.

కెమెరా కిందున్నది చేతకాక కాదు. పట్టుకున్న మనిషి వంగి నడుస్తోంది.

"తులౌ, తవిత బాబాయ్... తులౌ, లగితూపు అత్తా..."

ఒక్కొక్క ముఖమూ, దాని పేరూ. నలభై ఏళ్ళు టేపులోనే ఉన్నాయి. ఆరో పేరు సెఫో అనే వినిపించింది. గోడమీది బొమ్మలు లోసాకి మనుషులైపోయాయి. తెలియకుండానే లేచి, వాళ్ళముందు తలవంచింది.

ఇంతకీ కెమెరా పట్టుకున్న ఆ పిల్ల ఎవరు?

నైరీకి చెబుదామని లేచి, కార్డులు పక్కకి జరుపుతుంటే తన చేతిరాతే కనిపించింది.

'సముద్రం గోల ఎక్కువైంది. నా మాటే వినపడటం లేదు.'