ఎదురింటి గోడ

"ఇప్పుడు గోడ ఏ రంగులో ఉంది?" కుంచె పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్న భర్త అడిగాడు.

చూపు పోయాక అతను బొమ్మలు వేసే పద్ధతి ఇదే. ఎదురింటి గోడ మీద పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం ఎండ ఎలా మారుతోందో భార్య చెప్పాలి. అడిగిన రంగు ట్యూబు చేతికివ్వాలి.

"దానిమ్మ గింజలా ఉందండీ."

"పొద్దున పాలమీగడ అన్నావు, మధ్యాహ్నం నిమ్మపండు అన్నావు. అది గోడా, పళ్ళకొట్టా?"

ఆమె నవ్వింది. చప్పుడు కాకుండా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కిటికీకి అడ్డంగా కొత్త మేడ లేచి నెలలైంది. ఆ గోడా కనపడదు, ఎండా రాదు. సంగతి తెలిస్తే అతను కుంచె కింద పెట్టేస్తాడని ఆమె భయం. అందుకే రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుని, గుర్తున్న రంగులే చెబుతోంది.

"బాగా ఎర్రగా ఉందా?"

"అవునండీ. మీ చేతి మీద కూడా పడుతోంది."

కుంచె ఆగింది.

"ఎండ పడితే చెయ్యి వెచ్చగా ఉంటుందే, పిచ్చిదానా. ఈ కిటికీలోకి ఎండ రావడం మానేసి చాలా రోజులైంది."

ఆమె నివ్వెరపోయింది. "తెలిసీ ఎందుకు వేస్తున్నారు మరి?"

"రంగులు చెప్పేటప్పుడు మాత్రమే నీ గొంతులో ఏడుపు ఉండదు."

అతను కుంచెను మళ్ళీ రంగులో ముంచాడు.

"చెప్పు. ఇప్పుడు ఎలా ఉంది?"

ఆమెకు ఏ పండూ గుర్తు రాలేదు.