పసుపు కాళ్లు

"అది ఏ పక్షో కాళ్లు చూడందే చెప్పలేం," అంది సుమియె, టెలిస్కోపు వదిలి పక్కకు జరుగుతూ. "వీపు నలుపు సరిపోయింది. కాళ్లు గులాబీ రంగైతే మనం రోజూ చూసే సీగల్ పక్షే. పసుపైతే మాత్రం అరుదైన రకమేదో మన చోషి రేవుకి దారి తప్పి వచ్చినట్టే. ముందు నువ్వు చూడు."

అరుదైన పక్షి ఎవరి కంట పడినా రెండోవారిని పిలవకుండా చూడకూడదని ఆ స్నేహితురాళ్లిద్దరూ ఏనాడో ఒట్టు పెట్టుకున్నారు.

అడ్డుకట్ట మీద పక్షి కాళ్లు పొట్టకింద దాచుకుని కూర్చుంది. కయొకొ అలా కన్ను పెట్టి ఇలా తీసేసింది.

"అదే అక్కా. పసుపు కాళ్లే."

సుమియె అడ్డుకట్ట వైపు చూసింది. పక్షి ఇంకా కదల్లేదు.

"నీకు కాళ్లెక్కడ కనబడ్డాయే?"

కయొకొ చేతి తొడుగులు సర్దుకుంది. "మొన్న పక్షుల్ని చూడ్డానికొచ్చిన టోక్యో వాళ్లు ఫోన్ చేస్తే వచ్చి చూశాను. నీకు చెప్పొద్దన్నారక్కా. నీ నడకతో ఆలస్యమవుతుందని."

"వాళ్లన్నారు సరే. నువ్వేమన్నావు?"

కయొకొ అడ్డుకట్ట వైపు తిరిగింది.

అంతలో పక్షి రెక్కలు విదిల్చి లేచి నిలబడింది.

"లేచిందక్కా, చూడు, తొందరగా."

సుమియె టెలిస్కోపుకి మూత పెట్టేసింది.

"ఎందుకులే. నువ్వు చూశావుగా."