కెర్నెల్‌లో ఖాళీ చోటు

“ఇక్కడ ఖాళీ ఎందుకు వదిలారండీ?”

చివరి బెంచీ నుంచి సీతారావమ్మ అడిగింది.

కుర్రాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. వాళ్ళందరికీ తల్లి వయసు ఆమెది. నందిగామలోని ఆ కంప్యూటర్ సెంటర్లో చేరిన రోజునే, టైపింగ్ వద్దు, కెర్నెల్ పాఠం ఒక్కటీ చెబితే చాలని చెప్పి, సెంటర్ నడిపే వినయ్‌ని ఆశ్చర్యపరిచింది.

వినయ్ బోర్డు మీద తాను గీసిన బొమ్మకేసి చూశాడు. కంప్యూటర్ వెయ్యగానే మెమరీలోకి వచ్చి కూర్చుని, మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించేది కెర్నెల్. అది మెమరీలో ఎలా సర్దుకుంటుందో ఆ బొమ్మ చెబుతుంది. అడుగున కోడు, దాని మీద డేటా, ఆ పైన కాస్త ఖాళీ, ఖాళీకి పైన, పని నడుస్తున్నంతసేపూ తాత్కాలికంగా వాడుకునే స్టాక్.

ఆ ఖాళీ ఎందుకో అతనికీ తెలియదు.

ఆ కెర్నెల్ అతను రాసింది కాదు. రెండువేల రెండులో జగ్గయ్యపేట నుంచి వచ్చి, మూతపడిన ఈ సెంటర్ని పాత కంప్యూటర్లతో సహా తీసుకున్నప్పుడు వాటిలో దొరికింది. రాసినవాళ్ళ పేరు ఎక్కడా లేదు.

“ఎందుకూ లేదమ్మా. చోటు విలువ తెలియని బద్ధకస్తుడెవడో రాశాడు.”

“ఊరికే వదిలి ఉండడండీ.”

ఆ గొంతులోని నమ్మకం వినయ్‌కి నచ్చలేదు.

“మీకు తెలుసా?”

“తెలీదండి. అందుకే అడుగుతున్నా.”

“ఇది వంటింట్లో గిన్నెలు సర్దడం కాదమ్మా. మీ వయసుకు తగ్గ పనేదన్నా చూసుకోండి.”

కుర్రాళ్ళు నవ్వారు.

సీతారావమ్మ గుమ్మం దగ్గర చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు.

తన మాటే నిజమని చూపించడానికి వినయ్ ఆ ఖాళీ తీసేశాడు. స్టాక్‌ని జరిపి డేటాకి ఆనించాడు. కెర్నెల్ మామూలుగానే లేచింది.

“చూశారా? ఏమన్నా అయిందా?” అన్నాడు.

వారం తిరక్కుండా నాగసాయి అనే కుర్రాడు ఏడుపు మొహంతో వచ్చాడు.

“సార్, నా ప్రాజెక్టు తెరిస్తే అంతా పిచ్చిపిచ్చి అక్షరాలే వస్తున్నాయండి.”

అతనొక్కడిదే కాదు. ఆ క్లాసులో అందరిదీ అదే గతి.

వినయ్ ఆదివారమంతా సెంటర్లోనే కూర్చుని వెతికాడు. స్టాక్ వాడేకొద్దీ కిందికి పెరుగుతుంది. ఇదివరకు హద్దు దాటితే ఆ ఖాళీలో పడేది. అందులో పడగానే కెర్నెల్ ఆగిపోయి, తప్పెక్కడుందో చెప్పేది. ఇప్పుడా ఖాళీ లేదు. స్టాక్ చడీచప్పుడు లేకుండా పక్కనున్న డేటాని చెరిపేసింది. చెడిపోయిన ఆ డేటానే కెర్నెల్ డిస్కు మీదికీ ఎక్కించింది.

తప్పు తనదేనని పిల్లలకి చెప్పాడు. చెప్పినా మనసు తేలిక పడలేదు. పాఠం చెబుతున్నంతసేపూ చూపు చివరి బెంచీ మీదికే పోయేది. వంటింట్లో గిన్నెలు అన్న మాట గుర్తొచ్చి నోట మాట తడబడేది.

చివరికి సీతారావమ్మ ఊరు చందర్లపాడుకి బస్సెక్కాడు.

ఆమె వాకిట్లో కూర్చుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. అతన్ని చూసి లేచి కుర్చీ వేసింది.

“ఎండన పడొచ్చావు. కూర్చో బాబూ.”

“ఆ రోజు మిమ్మల్ని అలా అని ఉండకూడదమ్మా. మన్నించండి. మీరడిగిన ఖాళీ ఎందుకో ఇప్పుడు తెలిసింది.”

ఆమె పని ఆపి వింది. అర్థం కానిచోట మళ్ళీ చెప్పించుకుంది.

“అంటే, ఒకరు తప్పడుగు వేసినా పక్కవాళ్ళకి హాని జరక్కుండానా?”

“అవునమ్మా.”

“అంత ఆలోచించి పెట్టాడా” అంది. చేతిలోని కాయ చేతిలోనే ఉండిపోయింది.

“రేపట్నుంచి క్లాసుకి రండమ్మా.”

“ఇంకెందుకులే బాబూ. తెలుసుకుందామనుకున్నది తెలిసిందిగా.”

వినయ్ తలొంచుకున్నాడు.

“నలుగురిలో అది రాసినాయన్నీ బద్ధకస్తుడన్నానమ్మా. ఎక్కడున్నా వెతికి పట్టుకుని, తప్పయిందని చెప్పుకుంటా.”

ఆమె లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి అతని చేతికిచ్చింది.

“కీసర దగ్గర లారీ గుద్ది వాడు పోయి రెండేళ్ళయింది బాబూ, వాళ్ళమ్మని నేనే. వాడి బదులు విన్నాగా.”