పైపు లేని కడుపు

“పైపు పెట్టేదాక మంచం దిగనంటె దిగ!” అన్నాడు భూపాల్, దుప్పటి గడ్డం దాకా లాక్కుంటూ.

గోదావరిఖని దవాఖానలో అతనికి కడుపు మీద నాలుగు చిల్లులు పొడిచి పిత్తాశయం తీసేసి ఒక రోజైంది. సర్జన్ ప్రసూన ఇంటికి పొమ్మంది. భూపాల్ మాత్రం పక్క మంచం మనిషి కడుపులోంచి సీసాలోకి వేలాడే పైపును చూసి, తనకూ అలాంటిదే కావాలని పేచీ పెట్టాడు. ఆయనది చీము పట్టిన కేసని, మీకు అక్కర్లేదని ఆమె ఎంత చెప్పినా చెవికెక్కలేదు.

“నువ్వన్న జర చెప్పు సదయ్యా,” అంది భార్య రమ.

పరామర్శకు వచ్చిన సదయ్య బొగ్గుబావిలో పంపు ఖలాసీ. నిరుడు ఇదే ఆపరేషను చేయించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా తొడిగిన ప్రతివాడూ అతనికి సారే. స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

“నేను గూడ గిట్లనే లొల్లి వెట్టిన సారూ. బాయిల బొగ్గు తీసిన జాగల నీళ్లు ఊరుతయి. పంపు బందయితె మునుగుడే. మరి కడుపుల తిత్తి తీసిన జాగ మునగదా? పంపు కాడి పైపు ముక్క కోసుకచ్చి డాక్టరు బల్ల మీద వెట్టిన. గిది వెడితెనే కొయ్యుమన్న.”

రమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “డాక్టరు ఏమన్నడు?”

“గంతెత్తు ఎగిరిండు! ‘మామూలు కేసుకు పైపు దండుగ. ఊరిన చెమ్మ ఒళ్లే పీల్చుకుంటది. పైపు వెడితె నొప్పెక్కువ, దవాఖానల రోజులెక్కువ. గిట్ల భయపడుడు చదువులేనోళ్ల పని’ అన్నడు.”

భూపాల్ ఏదో గొణిగాడు. సదయ్యకు లోలోపల పండగలా ఉంది. తన కుట్లు మానిన రోజున కూడా ఇంత సంతోషం కలగలేదు.

“మొండోడు సారూ, గా డాక్టరు! పెట్టనంటె పెట్టలే. ఇంటికి పోయి నాలుగు రోజులు కడుపు ఊపి ఊపి విన్న, నీళ్ల సప్పుడు అస్తదేమోనని. ఏం లేదు. నెల తిరిగేసరికి డ్యూటీ ఎక్కిన. అంటె ఆయన చెప్పింది నిజమే గద?”

“నిజమే,” అన్నాడు భూపాల్.

“మరి మీకేం రోగం?”

భూపాల్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నిజంగానే భయపడుతున్నాడు పాపం.

“గప్పుడు కోసింది గా డాక్టరు కడుపు కాదు గద సదయ్యా!” అన్నాడు, గోడనే చూస్తూ.

ఆ డాక్టరు భూపాలే.