గురి తప్పని రైఫిల్

నాసిరకం రైఫిల్ కొనాలని గట్టిగా నిశ్చయించుకునే సత్యానందం ఆ తుపాకుల దుకాణంలో అడుగుపెట్టాడు.

అమెరికాలో ట్రాయ్ ఊళ్లోని వాళ్ల తెలుగు సంఘానికి సొంత చర్చి లేదు. అమెరికన్ల చర్చిలోనే, వాళ్ల ఆరాధన ముగిశాక, మధ్యాహ్నం రెండింటికి హాలు దొరుకుతుంది. ఏటా వేసవిలో రెండు సంఘాలూ కలిసి పిక్నిక్‌కి వెళ్తాయి. అక్కడ ఖాళీ రేకు డబ్బాలను కాల్చే పోటీ ఒకటి ఉంటుంది. ప్రతిసారీ అమెరికన్ల పాస్టర్ గ్యారీయే గెలుస్తాడు. ఈ ఏడు ఆయన సరదాగా ఒక పందెం విసిరాడు.

"మీరు గెలిస్తే ఏడాదిపాటు పొద్దుటి హాలు మీది. మధ్యాహ్నం మేం వస్తాం."

తెలుగువాళ్లంతా చప్పట్లు కొట్టారు.

"సూపర్ కదా అంకుల్! మార్నింగ్ సర్వీస్ అయితే ప్రతి సండే అందరికీ ఇక్కడే లంచ్. లూసీ ఆంటీ బిర్యానీ!" అంది జెమీమా అనే కుర్ర ఇంజినీరు. మళ్లీ చప్పట్లు. టీ పోస్తున్న లూసీ కూడా నవ్వింది.

సత్యానందమూ చప్పట్లు కొట్టాడు. సంఘపెద్ద కదా, కొట్టక తప్పుతుందా? కానీ లోపల గుండె జారిపోయింది. ఇండియాలో సాయంత్రం క్రికెట్ అంటే ట్రాయ్‌లో పొద్దున. ఆదివారం పొద్దున కాఫీ కప్పుతో టీవీ ముందు కూర్చోవడం ఆయనకు వారంలో ఉన్న ఒకే ఒక్క సుఖం. ఆ మాట సంఘంలో ఎవరితో అనగలడు? ఇంట్లో భార్య లూసీ వింటే అసలే ఊరుకోదు.

పైగా కాల్చబోయేది ఆ లూసీయే. నర్సాపురం కాలేజీలో చదివే రోజుల్లో, ఎన్‌సీసీలో పాయింట్ టూటూ రైఫిల్‌తో కప్పులు గెలిచిన మనిషి. రైఫిల్ కొనే పని మాత్రం సత్యానందం మీద పడింది.

"మేమంతా హెచ్-వన్ వీసా మీద ఉన్నాం, మాకు తుపాకీ అమ్మరు అంకుల్. మీరైతే సిటిజన్" అన్నారు కుర్రాళ్లు.

"కార్ల కంపెనీలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేశారు. మీకన్నా ఎవరికి తెలుస్తుందండీ? చవగ్గా ఉండాలి, మంచిదై ఉండాలి" అన్నాడు తెలుగు పాస్టర్ ఇమ్మాన్యుయేల్.

చవకదనం నా పూచీ, మంచిదనం దేవుడి దయ అనుకున్నాడు సత్యానందం.

దుకాణంలో అమ్మాయి మొదట ఒక ప్లాస్టిక్ పిడి రైఫిల్ అందించింది. గుండు ఎక్కించే బోల్టు వెనక్కి లాగితే ఇసుకలో ఈడ్చినట్టు గరగరలాడింది. పిడికీ గొట్టానికీ మధ్య సందు ఒకవైపు ఎక్కువ, ఒకవైపు తక్కువ. అచ్చం ఆయనకు కావలసిన సరుకే. "ఇదే ఇవ్వండి" అనబోయాడు. నోరు రాలేదు. అలాంటి అతుకున్న కారు తలుపును ఆయన ఏనాడూ పాస్ చెయ్యలేదు.

"ఇంకోటి చూపించండి" అన్నాడు.

దాని ట్రిగ్గరు ఎంత నొక్కినా జీడిపాకంలా సాగుతూనే ఉంది. ఆ తర్వాతదానికి గురి చూసే సైటు వేలితో తాకితేనే ఊగింది. కొనెయ్, కొనెయ్ అంది మనసు. చెయ్యి మాత్రం తీసి పక్కన పెట్టింది.

చివరికి ఎవరో వాడి అమ్మేసిన రైఫిల్ ఒకటి మూలలోంచి బయటికొచ్చింది. సాదా చెక్క పిడి. నగిషీలు లేవు, మెరుపూ లేదు. బోల్టు నూనెలో జారినట్టు జారింది. ట్రిగ్గరు ఎండుపుల్ల విరిగినట్టు టక్కున పడింది. ధర చూస్తే కొత్త వాటికంటే తక్కువ. సత్యానందం దాన్ని పగవాణ్ణి చూసినట్టు చూసి, కార్డు తీసిచ్చాడు.

ఇంట్లో లూసీ దాన్ని భుజానికి ఆనించి, బోల్టు ఆడించి చూసింది.

"ఏవండీ, ఇంత మంచిది తెచ్చేశారేంటి?" అంది నీరసంగా.

"ఏం చెయ్యను? చేతులు ఊరుకోలేదు" అన్నాడు ఆయన, ఇంకా నీరసంగా.

పిక్నిక్ రోజున గ్యారీ డబ్బాలు వరసగా పడ్డాయి. లూసీవీ పడ్డాయి. ఆఖరికి మిగిలింది చెరో డబ్బా, చెరో గుండు. సమానంగా తేలితే పోయినేడు గెలిచినవాళ్లదే గెలుపు. గ్యారీ గురి చూస్తుంటే అందరి కళ్లూ అటే ఉన్నాయి. లూసీ మంచినీళ్లకు వెళ్లింది. బల్ల మీదున్న ఖాళీ రైఫిల్ దగ్గరికి సత్యానందం మెల్లగా జరిగాడు. వెనక సైటు మరను వేళ్లతో కుడివైపుకి తిప్పేశాడు.

గ్యారీ గుండు తప్పింది!

తెలుగువాళ్ల కేకలతో పొలం దద్దరిల్లింది. లూసీ వచ్చి రైఫిల్ అందుకుంది. దాని మీద చేతులుంచి, తల వంచుకుని కాసేపు కదలకుండా నిలబడింది. ప్రార్థన చేసుకుంటోందని అందరూ భక్తిగా కళ్లు మూసుకున్నారు. సత్యానందం ఇంకాస్త గట్టిగా మూసుకున్నాడు.

గుండు పేలింది. డబ్బా మాత్రం చెక్కుచెదరలేదు.

జెమీమాకి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గ్యారీ వచ్చి లూసీని మెచ్చుకుని చెయ్యి కలిపాడు. ఆమె అందరికీ సారీ చెప్పింది. అది చూడలేక సత్యానందం తల తిప్పుకుని రైఫిల్ సర్దడం మొదలెట్టాడు.

తిరుగు ప్రయాణంలో లూసీ డ్రైవ్ చేస్తోంది. ఆయన ఇక ఉండబట్టలేకపోయాడు.

"లూసీ, తప్పు నీది కాదు. ఆదివారం పూట క్రికెట్ పోతుందని... నువ్వు నీళ్లకి వెళ్లినప్పుడు సైటు తిప్పేశాను."

లూసీ ఉలిక్కిపడి కారు రోడ్డు పక్కన ఆపేసింది.

"మీరా తిప్పింది! కాల్చేముందు చూసి సరిచేసుకున్నాను కాబట్టి బతికిపోయామండీ, లేకపోతే వారం వారం అంతమందికి బిర్యానీ వండలేక నేను కావాలని పక్కకి పెట్టిన గురి తిన్నగా పోయి ఆ డబ్బాకే తగిలేది!"